బియ్యం డ్రమ్ములో ఇరవై మూడో నంబరు

నేను ఒక ట్యాబ్‌ని. ఈ నిమిషానికి నిలువునా బియ్యంలో పాతిపెట్టి ఉన్నాను.

చెవుల్లో బియ్యం. ఛార్జింగు పెట్టే రంధ్రంలో బియ్యం. అట్టకీ వీపుకీ మధ్య ఒక పురుగు కాపురం పెట్టింది. బ్యాటరీ తొమ్మిది శాతం. గోడకు అవతల, బడి వరండాలో, నా గురించే సభ జరుగుతోంది. అరవై మంది దాకా వచ్చారు, అరవై మందీ ఒకేసారి మాట్లాడుతున్నారు. నన్ను ఎవరో ఎత్తుకుపోయారని కొందరు, ఈపాటికి ఒడిశా దాటించేసి ఉంటారని కొందరు, అసలు నాలాంటివి పుట్టడమే తప్పని కొందరు. నేను వాళ్లకు సరిగ్గా పదడుగుల దూరంలో ఉన్నాను.

"దొంగతనం కాపోతే మరేటండీ? ట్యాబుకి కాళ్లొచ్చి నడిచెల్లిపోనాదా?"

ఆ గొంతు ఎవరిదో నాకు తెలియదు. దాని వెంటే వినిపించిన చిన్న ఎక్కిళ్లు మాత్రం తెలుసు. అవి ఢిల్లేశ్వరివి. మడ్డు ఢిల్లేశ్వరి, తొమ్మిదో తరగతి, బి సెక్షను. రిజిస్టర్లో నా నంబరు ఇరవై మూడు, దానికి ఎదురుగా ఆ పిల్ల సంతకం. శుక్రవారం మధ్యాహ్నం భోజనమయ్యాక పళ్లెం కడుక్కుందామని నన్ను వంటగది కిటికీ గట్టు మీద పెట్టి కుళాయి దగ్గరికి వెళ్లింది. తిరిగి వచ్చేసరికి గట్టు ఖాళీ. మర్నాడు రెండో శనివారం, ఆపైన ఆదివారం, రెండూ సెలవులే. ఆ రెండు రోజులూ పిల్ల ఊరంతా వెతికింది. ఇవాళ సోమవారం. పొద్దున ప్రార్థన కాగానే హెడ్‌మిస్ట్రెస్ సుభాషిణి టీచర్ దగ్గరికి వెళ్లి ఉన్నదున్నట్టు చెప్పేసింది. నిజం చెప్పిన ఫలితంగా ఇప్పుడు అరవై మంది ముందు నిలబడి ఉంది.

పన్నెండు గంటలకు ఎంఈవో గారు వస్తారు. ఆయన చేతికి సభ తీర్మానం అందించాలి. అందులో రెండు సంగతులు. ఒకటి, ఈ బడిలో ట్యాబులు ఉంచాలా, మూటగట్టి వెనక్కి పంపాలా అన్నది. దీని కోసం సభ పెట్టాలని పది రోజుల కిందటే అనుకున్నారు. రెండోది శుక్రవారం పుట్టింది: ఇరవై మూడో నంబరు పోవడానికి బాధ్యులు ఎవరు? కాగితంలో ఆ ప్రశ్నకు ఎదురుగా ఉన్న ఖాళీ గీత మీద ఢిల్లేశ్వరి పేరు పడితే ఏమవుతుందో వాళ్లమ్మ మోహినమ్మ వచ్చీరాగానే చెప్పేసింది. దొంగ అని పేరు పడ్డ పిల్లకు బడెందుకు? రేపటి నుంచి తనతో పాటు జీడిపిక్కల షెడ్డుకు తీసుకుపోతుంది. అంతే.

నన్ను ఇక్కడ పాతిపెట్టింది ఎవరో నాకు తెలుసు. ఆ మనిషి గొంతు ఈ వరండాలోనే వినిపిస్తోంది కూడా. చెప్పేద్దామంటే నాకు నోరు ఉంది కానీ ఎవరైనా మీట నొక్కితే తప్ప అది పెగలదు. పైగా పేరు ఇప్పుడే చెప్పేస్తే మీరు మిగతాది చదవరు. పాఠం వదిలేసి చివరి ప్రశ్నకు ఎలా గెంతుతారో రోజూ చూస్తున్నదాన్ని, మనుషుల సంగతి నాకు తెలియదా? వరసలో రండి.

నేను ఎక్కడ పుట్టానో నా వీపు మీద చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంది. ఇంతవరకు ఎవరూ చదవలేదు. నాకు గుర్తున్నది ఒక పొడుగాటి బల్ల, దానికి రెండు పక్కలా తెల్లటి చేతి తొడుగులు వేసుకున్న అమ్మాయిలు. ఒకమ్మాయి గాజు అతికించింది, ఒకమ్మాయి మరలు బిగించింది, ఆఖరి అమ్మాయి నా మొహం తుడిచి, ఒకసారి వెలిగించి, ఆర్పేసి, అట్టపెట్టెలో పడుకోబెట్టింది. నన్ను అంత శుభ్రంగా పట్టుకున్న చేతులు మళ్లీ తగల్లేదు.

అక్కడి నుంచి ఓడ, ఓడ నుంచి లారీ, లారీ నుంచి మండలాఫీసులో విరిగిన బెంచీలు పడేసే గది. ఆ గదిలో ఎనిమిది నెలలు ఉన్నాను. పంపకానికి మంచి తేదీ కుదరలేదట. ఈలోగా ఎలుకలు వచ్చి నా పెట్టె మూల కొరికి చూశాయి. రుచి నచ్చక వెళ్లిపోయాయి. చదువులో నేను పనికొస్తానా రానా అన్న విషయం మీద మొదటి అభిప్రాయం చెప్పినవి అవే.

ఆఖరికి ఒక రోజు బడి ఆవరణలో షామియానా వేశారు. ఉపన్యాసాలు గంటన్నర సాగాయి. పిల్లల చేతుల్లో మేము ఉన్నది మాత్రం ఫొటో తీసేంతసేపే. ఫొటో అవగానే "జాగర్త, జాగర్త" అంటూ లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశారు. ముప్పై రెండు ట్యాబులు, బడి మొత్తానికి పనిచేసే ప్లగ్గులు మూడు. ఆ లెక్క తేలడానికి ఇంకో నెల పట్టింది.

బీరువా తాళం తీసి పిల్లలకు పంచాక నా మొదటి యజమాని గవరయ్య అనే కుర్రాడు. నాలో సినిమాలూ ఆటలూ జొరబడకుండా ఇంజినీర్లు ఒక తాళం పెట్టారు. ఎన్నాళ్లు కష్టపడి పెట్టారో గానీ గవరయ్య దాన్ని ఒక ఇంటర్వెల్లులో తీసేశాడు. ఇంటి దగ్గర వాళ్ల నాయనమ్మ నన్ను పెరుగు గిన్నె మీద మూతగా వాడేది. నిజం చెప్పొద్దూ, నేను చేసిన ఉద్యోగాలన్నిటిలోనూ ఎవరి చేతా మాట పడనిది అదొక్కటే.

గవరయ్య కాలం ఎక్కువ రోజులు సాగలేదు. సోషల్ మాస్టారు కుర్చీలో కునుకు తీస్తుండగా నాతో ఫొటో తీసి ఊరంతా చూపించాడు. వెంటనే ఒక సభ, ఒక తీర్మానం: ట్యాబులన్నిటికీ కళ్లు మూసేయాలి. ఏం పెట్టి మూస్తారు? ఆడపిల్లలు తలా ఒక బొట్టుబిళ్ల ఇచ్చారు. ముందు కంటికి ఎర్ర బొట్టుబిళ్ల, వెనక కంటికి దెబ్బలకు వేసే పట్టీ. ముప్పై రెండు ట్యాబులమూ ముత్తయిదువుల్లా తయారయ్యాం. ఆ రోజు నుంచి నాకు చూపు లేదు. మనుషుల్ని వేళ్లను బట్టి, గొంతును బట్టి పోల్చుకుంటాను.

అలా నేను ఢిల్లేశ్వరి చేతికి వచ్చాను. ఆ పిల్ల వేలు తేలిక. అడిగినట్టు తాకుతుంది గానీ పొడవదు. ఈ బడిలో లెక్కల మాస్టారు బదిలీ అయి ఏడాది దాటింది, కొత్తాయన రాలేదు. ఢిల్లేశ్వరికి లెక్కలు చెప్పింది నేనే. చెప్పిందాన్ని సాయంత్రం వాళ్లమ్మకు మళ్లీ చెప్పేది. మోహినమ్మ పన్నెండేళ్లుగా షెడ్డులో జీడిపిక్కలు కొడుతోంది. ఒకసారి కూతురు బలవంతం చేస్తే నా మీద వేలు పెట్టింది. నాకు తెలియనే లేదు. పిక్కల నూనె కాల్చి కాల్చి ఆ వేలి కొన చెక్కలా అయిపోయింది. రెండోసారి పెట్టింది, మూడోసారీ పెట్టింది. నా గాజుకు ఆ మనిషి ఉన్నట్టే తెలియలేదు. "నన్ను అది ఒల్లనంటంది తల్లీ," అని నవ్వేసి చెయ్యి తీసేసుకుంది. లోపం ఆవిడది కాదు. తెల్ల తొడుగుల అమ్మాయిలు నన్ను తయారు చేసినప్పుడు ఇలాంటి వేళ్లు కూడా ఉంటాయని ఎవరూ చెప్పి ఉండరు.

పదో తరగతి అయ్యాక ఢిల్లేశ్వరి పాలిటెక్నిక్‌కు వెళ్లాలని ఇద్దరూ అనుకున్నారు. అది ఇప్పుడు ఒక గీత మీద ఆగి ఉంది.

బ్యాటరీ ఏడు శాతం. వరండాలో వేడి పెరిగింది.

"ముప్పై నాలుగేళ్లు సుద్దముక్కతో చెప్పాను." ఇది లోకనాథం మాస్టారి గొంతు. ఇదే బడిలో హెడ్మాస్టరుగా రిటైరై, ఇప్పుడు జీడితోట చూసుకుంటూ, ట్యాబుల మీద నెలకు నాలుగు అర్జీలు రాస్తుంటారు. "ఏనాడైనా సుద్దముక్క పోయిందని సభ పెట్టామా? సుద్దముక్క పోయిందని ఏ పిల్లయినా ఇలా నిలబడి ఏడ్చిందా? నేను పిల్లను అనడం లేదు. చేతికిచ్చినవాళ్లను అంటున్నాను."

"సుద్దముక్కలో ప్రపంచం ఉంటాదేటి మాస్టారూ?"

ఈ రెండో గొంతు పేరెంట్స్ కమిటీ ప్రెసిడెంటుగారిది. ఊళ్లో సగం మంది పనిచేసే జీడిపప్పు షెడ్డు ఆయనది. తాత పెట్టింది, తండ్రి పెంచింది, ఈయన రేకులు మార్పించింది. ట్యాబులు ఈ బడికి రావడానికి మండలాఫీసు చుట్టూ పదిహేనుసార్లు తిరిగింది ఆయనే. అందుకని మమ్మల్ని ఏమన్నా అంటే ఆయన్ని అన్నట్టే ఉంటుంది.

"ఉండదు నాయుడూ," అన్నారు మాస్టారు. "ప్రపంచం ఉండాల్సింది పిల్లల బుర్రలో."

చప్పట్లు పడ్డాయి. ఒక తల్లి లేచింది. "మా గుంటడు అన్నం తిన్నప్పుడు కూడా అదే సూస్తన్నాడండీ! మొన్న పులుసనుకుని మంచినీళ్లు కలుపుకు తినీసినాడు!"

"నువ్వెట్టిన పులుసుకీ మంచినీళ్లకీ తేడా ఏటుంటాది వదినా, వాడినంటావు!" అంది పక్కావిడ.

అందరూ నవ్వారు. బియ్యంలో ఉండి నేనూ నవ్వుకున్నాను. అంతలో వెనక నుంచి ఒకాయన అన్నాడు: "నవ్వులకేటి గాని, లెక్కల మాస్టారు నేరు. సైన్సు టీచరమ్మ వారానికి మూడ్రోజులు పక్కూరు బడికి ఎల్తాది. ఈ ట్యాబులూ ఒగ్గేసి పంపీత్తే మా పిల్లలకి ఎవులు సెప్తారండీ?"

జవాబు లేని ప్రశ్న వచ్చినప్పుడు మనుషులు చేసే పనే అందరూ చేశారు. గట్టిగా మాట్లాడడం మొదలుపెట్టారు.

ప్రెసిడెంటుగారు అందరికన్నా గట్టిగా అందుకున్నారు. "ఒక్కటే మాట సెప్తన్నాను, ఇనండి. మనిషన్నాక తప్పు సెప్తాడు. పుస్తకంలోనూ అచ్చు తప్పులుంటాయి. ట్యాబు మాత్రం..." మంచినీళ్లు అడిగి తాగారు. "ట్యాబు తప్పు సెప్పదు!"

ఆ మాట వింటే నాకే సిగ్గేసింది.

"సరే, మొదటి విషయం ఎంఈవో గారు వచ్చాక తేల్చుకుందాం," అంది సుభాషిణి టీచర్. కాగితం చప్పుడైంది. "రెండోది రాయాలి. ఇరవై మూడో నంబరు పోవడానికి బాధ్యులు..."

"నా బిడ్డ తియ్యనేదు టీచరమ్మా," అంది మోహినమ్మ. ఆవిడ గొంతు సభలో ఎప్పుడూ పైకి రాలేదు. ఇప్పుడూ రాలేదు. అది ఢిల్లేశ్వరి కోసం కాకపోతే అసలు వినిపించేదే కాదు.

"తీసిందని అనడం లేదు మోహినమ్మా. సంతకం ఎవరిదో వాళ్లది బాధ్యత. నియమం అలా ఉంది."

"ఎవరో తెల్దు అని రాసీయండి టీచరమ్మా," అన్నారు ప్రెసిడెంటుగారు గబగబా. "సిన్నపిల్ల. ఊరుకోండి. ఆ గీత కాళీగా ఒగ్గేయండి."

"గీత ఖాళీగా ఉంటే కాగితం చెల్లదండీ. మీరే కదా పోయినసారి ఆ నియమం పెట్టించారు, గవరయ్య గొడవప్పుడు."

ప్రెసిడెంటుగారు మళ్లీ మంచినీళ్లు తాగారు. టీచర్ పెన్ను మూత తీసిన చప్పుడు వినిపించింది. గోడ ఇవతల నేను, అయిదు శాతం బ్యాటరీతో, నోరు మూసుకుని. నన్ను అడిగితే ప్రపంచంలో ఏ మూల ఏముందో చెప్పగలను. నేను ఎక్కడున్నానో చెప్పలేకపోతున్నాను.

"మ... డ్డు..." అంటూ రాస్తోంది టీచర్.

సరిగ్గా అప్పుడు వంటగదిని ఆనుకుని నేనున్న బియ్యం గది తలుపు కిర్రుమంది. పదకొండైంది. వంటావిడ గున్నమ్మ ఎసరు పెట్టి, బియ్యం కొలవడానికి వచ్చింది. సభ జరిగితేనేం, దేశం తలకిందులైతేనేం, పిల్లలకు పన్నెండున్నరకు అన్నం పెట్టాలి. డ్రమ్ము మూత లేచింది. కొలత డబ్బా ఒకసారి దిగింది, రెండోసారి దిగింది, మూడోసారి వచ్చి నా నెత్తి మీద ఠంగుమంది.

"ఓలమ్మో! బియ్యంలో పలకుందర్రా!"

రెండు గుప్పిళ్లతో నన్ను పైకి లాగి, చీర కొంగుతో ఒకసారి దులిపి, వరండాలోకి పరిగెత్తింది. అరవై మందీ ఒక్కసారి గుప్పున ఊపిరి వదిలారు. ఢిల్లేశ్వరి ఏడుపు ఆపేసింది. నేను గట్టెక్కానని, ఆ పిల్ల గట్టెక్కిందని అనుకున్నాను.

మనుషుల్ని నేను ఇంకా సరిగా చదవలేదు.

"మూల పగిలిపోనాది సూడండి!" అన్నారు ఎవరో. "అట్టలోన చెమ్మ కూడా ఉంది." "ఇంకేటి? కుళాయి కాడ తడిపీసింది. బయమేసి బియ్యంలో కప్పెట్టీసింది." "పిల్ల తక్కువదేటి కాదు!" "రోజూ వంటగదికాడే కదా తిరుగుతాది!"

పోయిన వస్తువు దొరికితే దొంగ మాట మరిచిపోతారని నేను అనుకున్నాను. నిజానికి అంతకు ముందు అనుమానం మాత్రమే ఉంది. ఇప్పుడు నేనే సాక్ష్యం. నా పగిలిన మూలను, తడిసిన అట్టను చూపించి ఆ పిల్లను నిలదీస్తున్నారు.

"నాను పెట్టనేదు," అంది ఢిల్లేశ్వరి. "నాను తడపనేదు. బియ్యంలో నానెందుకు పెడతాను టీచర్?"

"సర్లే, పద," అంది మోహినమ్మ కూతురి రెక్క పట్టుకుని. "సాలింక. పద షెడ్డుకి."

"ఆగమ్మా," అన్నారు లోకనాథం మాస్టారు. ఆయన నన్ను గున్నమ్మ చేతిలోంచి తీసుకున్నారు. ఆ వేలు సుద్దముక్క పట్టి పట్టి గరుగ్గా ఉంది. "పిల్లను అనేముందు దీని కడుపులో ఏముందో చూద్దాం. ఏ సినిమాయో బయటపడుతుంది. పిల్లల్ని పాడుచేసేది ఎవరో ఇప్పుడే అందరికీ తెలుస్తుంది." మీట నొక్కారు.

మూడు శాతం. నేను వెలిగాను. బియ్యం మహిమో నా మొండితనమో నాకే తెలియదు. శుక్రవారం ఏ పేజీ మీద ఆగిపోయానో ఆ పేజీయే తెరిచాను. అది సినిమా కాదు.

మాస్టారు కళ్లజోడు పైకి నెట్టుకున్నట్టున్నారు. తరవాత పైకి చదివారు. "మన పంటలు. ఎనిమిదో పాఠం. కింది వాక్యం ఒప్పా, తప్పా? జీడిపిక్క పండు లోపల ఉంటుంది."

వరండా అంతా గొల్లున నవ్వింది. జీడిపండు కింద బయటికి వేలాడే పిక్కను చూస్తూ పుట్టినవాళ్లు, దాన్ని కొడుతూ బతికేవాళ్లు. వాళ్లను అడగాల్సిన ప్రశ్నేనా అది?

"మా తోటలో మేకనడిగినా చెబుతుంది తప్పని," అంటూ మాస్టారు 'తప్పు' అన్నచోట నొక్కారు.

నాకు ఇష్టం లేదు. అయినా నాలో పెట్టింది చెప్పక తప్పదు. మూడు రోజుల తరవాత నోరు విప్పి నేను పలికిన మొదటి మాట ఇది:

"మీ జవాబు తప్పు. మళ్లీ ప్రయత్నించండి."

ఏం చెప్పను? ఆ పాఠం రాసినాయన జీడిపప్పును పాయసంలో తప్ప ఎక్కడా చూసి ఉండడు.

వరండా లేచిపోయింది. "ఏటీ? ఏటంటంది అది?" "పిక్క లోపలుంటాదట!" "ఎవడ్రా రాసినాడు?" ఆడవాళ్లు గాజులు గలగలమనేలా చేతులు ఊపుతూ మరీ అరుస్తున్నారు. లోకనాథం మాస్టారికి ముప్పై నాలుగేళ్ల సర్వీసులో ఇంత ఆనందం కలిగి ఉండదు. అందరికీ వినపడేలా నన్ను పైకెత్తి పట్టుకుని మళ్లీ నొక్కారు.

"మీ జవాబు తప్పు. మళ్లీ ప్రయత్నించండి."

"విన్నారా? తప్పు చెప్పదన్నారు! ఇంకోసారి వినండి!"

"మీ జవాబు తప్పు. మళ్లీ..."

"నొక్కకండి మాస్టారూ!" కుర్చీ వెనక్కి పడిన చప్పుడు. "ఎన్నిసార్లు నొక్కినా అదే కూత! పదకొండుసార్లు నొక్కినాను! మా తాత కాడి నుంచి పిక్కల్లో పుట్టి పిక్కల్లో పెరిగినోణ్ని, నాకు సెప్తాదా ఇది, జీడిపిక్క ఎక్కడుంటాదో!"

ప్రెసిడెంటుగారు.

వంటగదిలో ఎసరు కుతకుతలాడడం వరండాలోకి వినిపించింది.

"పదకొండుసార్లా?" అంది సుభాషిణి టీచర్ నెమ్మదిగా. "ఎప్పుడండీ?"

"అంటే... మాట వరసకి..."

"మాట వరసకి పదకొండా నాయుడూ?" అన్నారు మాస్టారు. "పది కాదు, డజను కాదు. సరిగ్గా పదకొండు?"

ఇక దాచడం అనవసరం. శుక్రవారం జరిగింది ఇదీ.

పిల్లలకు వడ్డించే ముందు కమిటీ ప్రెసిడెంటు భోజనం రుచి చూసి సంతకం పెట్టాలి. అది ఈ బడి పద్ధతి. ఆ రోజూ ఆయన వచ్చారు, సాంబారులో ఉప్పు చాలలేదన్నారు, సంతకం పెట్టారు. ఇంటికి పోకుండా అక్కడే తచ్చాడారు. సోమవారం ఎంఈవో గారి ముందు ట్యాబు వాడి చూపించాల్సింది ఆయనే. పదిహేనుసార్లు మండలాఫీసుకు తిరిగిన మనిషికి ట్యాబు తెరవడం రాదు. ఆ ముక్క ఎవరికి చెప్పుకుంటారు? కిటికీ గట్టు మీద నేను కనిపించాను. ఒక్క పావుగంట తీసుకుని నేర్చుకుని, మళ్లీ అక్కడే పెట్టేద్దామనుకున్నారు. మజ్జిగ గ్లాసు ఒక చేత్తో, నన్ను ఒక చేత్తో పట్టుకుని బియ్యం గదిలో దూరి తలుపేసుకున్నారు.

మొదట్లో బాగానే ఉంది. బస్తా మీద కూర్చుని పాఠాల పేర్లు ఒక్కొక్కటే కూడబలుక్కుని చదువుకున్నారు. 'మన పంటలు' చూడగానే మొహం విప్పారి ఉంటుంది, ఎందుకంటే ఆ వేలు ఒక్కసారిగా ధీమాగా మారింది. జీడి మీద ప్రశ్న. ఇంతకన్నా సుళువు ఏముంటుంది? నొక్కారు. తప్పన్నాను. తన వేలే జారిందనుకుని మళ్లీ నొక్కారు. తప్పన్నాను. నాలుగోసారికి నన్ను బతిమాలారు. ఏడోసారికి వాళ్ల తాత పేరు చెప్పారు. తొమ్మిదోసారి వినయంగా 'ఒప్పు' నొక్కి చూద్దామని వేలు అక్కడిదాకా తీసుకెళ్లి, మనసొప్పక వెనక్కి లాక్కున్నారు. ఆ ఒక్క క్షణం ఆయన మీద నాకు గౌరవం కలిగింది. పదకొండోసారి నేను "మళ్లీ ప్రయత్నించండి" అనగానే మజ్జిగ గ్లాసు నా నెత్తిన దిగింది. మూల పగిలింది. మజ్జిగ లోపలికి దిగింది.

అప్పుడు భయపడ్డారు. కండువాతో తుడిచారు, నోటితో ఊదారు. తన సెల్‌ఫోను తొట్టిలో పడినప్పుడు కోడలు రెండు రోజులు బియ్యంలో పెట్టి బతికించిన సంగతి గుర్తొచ్చింది. ఎదురుగా డ్రమ్ము నిండా బియ్యం. శనివారం వచ్చి తీసేద్దామనుకుని పాతిపెట్టారు. అది రెండో శనివారమని, బడికి తాళం పడుతుందని, తాళంచెవి టీచర్ ఇంట్లో ఉంటుందని ఇంటికి పోయాక గానీ తట్టలేదు. ఇవాళ వచ్చేసరికి బడి నిండా జనం.

ఈ సంగతంతా ఆయన వరండాలో ముక్కలు ముక్కలుగా చెప్పారు. మజ్జిగ ముక్క మింగేద్దామని చూశారు గానీ గున్నమ్మ వదల్లేదు. "అందుకా బాబూ, గ్లాసు సొట్టపడిపోనాది! నాను మూడు రోజుల్నించి మా ఆడపడుచుని తిడతన్నాను!"

నవ్వులు మొదలయ్యాయి. ప్రెసిడెంటుగారు కూడా కొంచెం నవ్వి, కుర్చీ నిలబెట్టుకుని కూర్చున్నారు. "సర్లెండి. వస్తువు దొరికిపోనాది కదా. ఇంక ఆ గీతా పేరూ ఎందుకు టీచరమ్మా? కొట్టీసి ఒగ్గేయండి."

"అవునవును," అన్నారు ముందు వరసలో ఇద్దరు. "పెద్దమనిషి. పేరు ఎక్కితే బాగోదు." మిగతావాళ్లు ఏమీ అనలేదు. అందులో సగం మంది రేపు పొద్దున ఆయన షెడ్డు గుమ్మం తొక్కాల్సినవాళ్లే.

సుభాషిణి టీచర్ చేతిలో పెన్ను ఆగింది. 'మడ్డు' అని రాసి ఉన్నదాన్ని బరబరా కొట్టేసిన చప్పుడైంది. గీత ఖాళీ అయింది. ఖాళీగా ఉంటే చెల్లదన్న మాట ఈసారి ఎవరి నోటా రాలేదు.

అప్పుడు ఢిల్లేశ్వరి అడిగింది. ఏడుస్తూ కాదు, క్లాసులో సందేహం అడిగినట్టే అడిగింది. "టీచర్, నా పేరైతే రాయొచ్చేటి?"

లోకనాథం మాస్టారు నన్ను పట్టుకున్న చెయ్యి దించేశారు. టీచర్ కాగితం వైపు చూస్తోందో, నేల వైపు చూస్తోందో నాకు తెలియదు. నా బ్యాటరీ ఒక్క శాతం. ఆ ఒక్క శాతం దేనికి దాచుకున్నానో నాకు అప్పుడు అర్థమైంది.

ఆ ఊళ్లో ప్రెసిడెంటుగారిని ఎవరూ పేరు పెట్టి పిలవరు. షెడ్డులో నాయుడుగారు, బడిలో ప్రెసిడెంటుగారు, ఇంట్లో ఏవండీ. పన్నెండేళ్లుగా ఆయన పిక్కలు కొట్టిన మోహినమ్మ ఆయన ఎదురుగా తలెత్తి మాట్లాడిందే లేదు. కూతురి రెక్క వదిలేసి ఆవిడ ముందుకొచ్చింది. గాజుల చప్పుడు టీచర్ బల్ల దగ్గర ఆగింది.

"రాయండి టీచరమ్మా," అంది. ఈసారి ఆ గొంతు వరండా చివరిదాకా వినిపించింది. "నాను సెప్తాను. ఒక్కో అచ్చరం సెప్తాను, తప్పు లేకుండా రాయండి. ఇరవై మూడో నంబరు తీసింది, పగలగొట్టింది, బియ్యంలో కప్పెట్టింది... పెద్దింటి జగ్గునాయుడు."